ఇల్లు, మా ఇల్లు, మన ఇల్లు

ఏడేళ్ళ క్రితం బరంపురం అంచున ఉన్న హల్దియాపదర్‌లో ఒక గృహప్రవేశానికి వెళ్ళాం. ఊరి పేరు ఒడియా మాట. 'హలదియా' అంటే పసుపు వన్నె గలది; 'పదర' అంటే చెట్టూ చేమా లేని బయలు. గృహస్థు తెలుగువారు. పదవీ విరమణ సొమ్ము పెట్టి కట్టుకొన్న ఇల్లు. పెద్దకొడుకు ఒడియా పిల్లను ఇష్టపడి చేసుకొన్నాడు. ఆ అమ్మాయి పెళ్ళయిన రెండేళ్ళలోనే అత్తగారి దగ్గర తెలుగు నేర్చుకొంది, ధారాళంగానే మాట్లాడుతుంది. పాలు పొంగించారు, వ్రతం అయింది, భోజనాలకు లేస్తున్నారు. ఇచ్ఛాపురం నుంచి వచ్చిన చుట్టాలు నలుగురూ ఇల్లు చూస్తూ ఉండగా ఆ కోడలు పిల్ల సంతోషంగా అత్తగారి వైపు తిరిగి, "అత్తయ్యా, మా ఇల్లు చాలా బాగా వచ్చింది కదా!" అంది.

చుట్టాలు ఒకరి మొగం ఒకరు చూసుకొన్నారు. అత్తగారు ఒక క్షణం ఆగి, "మీ ఇల్లేనమ్మా, బాగానే వచ్చింది" అన్నారు.

ఆ మాటలో ఉన్న చురుకు అక్కడున్న తెలుగువాళ్ళందరికీ తగిలింది, తగలవలసిన మనిషికి తప్ప. ఆ అమ్మాయి నవ్వుతూ వడ్డన వైపు వెళ్ళిపోయింది. సాయంత్రం గృహస్థు మమ్మల్ని పక్కకు పిలిచి, "మాస్టారూ, పిల్ల మనసులో ఏమీ లేదనే నా నమ్మకం. కాని మా ఆవిడకి ఆ మాట ముల్లులా దిగింది. మీరు భాషాశాస్త్రం చదువుకొన్నవారు, కాస్త సర్ది చెప్పండి" అన్నారు.

సర్ది చెప్పడానికి వ్యాకరణం పనికివచ్చే సందర్భాలు జీవితంలో ఎక్కువ రావు. ఇది అటువంటి సందర్భం. తెలుగులో మాట్లాడేవాడు ఎదుటివాణ్ణి కలుపుకొంటే 'మనం', విడిచిపెడితే 'మేము'. ఒడియాలో ఈ రెంటికీ కలిపి 'ఆమే' అన్న ఒక్క మాటే. షష్ఠిలో 'ఆమ'. 'ఆమ ఘర' అంటే మా ఇల్లూ కావచ్చు, మన ఇల్లూ కావచ్చు, సందర్భమే తేల్చాలి. కోడలు పిల్ల మనసులో మెదిలింది 'ఆమ ఘర'. అందులో అత్తగారు, మామగారు, భర్త, మరుదులు అందరూ ఉన్నారు. తెలుగులోకి వచ్చేటప్పటికి రెండు గుమ్మాలు ఎదురయ్యాయి; ఆమె తప్పు గుమ్మంలోంచి వచ్చింది. ఆ 'మా' అత్తగారిని ఇంట్లోంచి బయట నిలబెట్టింది.

అత్తగారికి ఈ సంగతి చెప్పాం. ఆవిడ విన్నారు. "అయితే పాలవాడితో 'మన ఇంట్లో రేపు పాలు వద్దు' అంటుంది, అదీ ఇందుకేనా?" అని అడిగారు. అదీ ఇందుకే. ఆ పాలవాడు తెలుగువాడైతే మాత్రం తనను ఇంట్లోవాడిగా లెక్కవేసినందుకు సంతోషించి ఉంటాడు.

ఈ చిన్న ఘటన తరవాత 'ఇల్లు' అన్న మాట వెంట చాలా రోజులు తిరిగాం. గంజాం జిల్లా ఇందుకు అనువైన చోటు. ఇక్కడ ఒక్క వీధిలోనే తెలుగు ఇల్లూ ఒడియా ఘరా పక్కపక్కన గోడలు కలుపుకొని ఉంటాయి. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ప్రత్యేక రాష్ట్రమయ్యేదాకా బరంపురం మద్రాసు రాష్ట్రంలోనిది. ఇళ్ళు కదలకుండానే రాష్ట్రం మారింది. రెండు మాటలూ నిఘంటువులో ఒకదానికొకటి సరిపోయినట్టే కనిపిస్తాయి. వాడుకలోకి దిగితే ఎక్కడ కలుస్తాయో ఎక్కడ విడిపోతాయో తెలుస్తుంది.

ముందు మాట పుట్టుక. 'ఘర' సంస్కృత 'గృహ' శబ్దానికి ప్రాకృతం మీదుగా వచ్చిన రూపం. వ్రాతలో 'ఘర', పలకడంలో 'ఘొరొ'. 'ఇల్లు' ద్రావిడ భాషల సొంత ఆస్తి. బరో, ఎమెనో కలిసి కూర్చిన ద్రావిడ వ్యుత్పత్తి పదకోశంలో (1961, రెండవ కూర్పు 1984) దీని బంధువులన్నీ ఒక్కచోట ఉన్నాయి. తమిళంలో 'ఇల్', 'ఇల్లం'. మలయాళంలో నంబూద్రి బ్రాహ్మణుల ఇంటిని ఇప్పటికీ 'ఇల్లం' అనే అంటారు. తమిళుల నిత్యవ్యవహారంలో దీని చోటును 'వీడు' ఆక్రమించింది, కన్నడిగులకు 'మనె' చాలు. తెలుగు మాత్రం పాత మాటను వీధిలోకీ వంటింట్లోకీ అన్నిటికీ వాడుకొంటోంది. దూరం వెళ్ళనక్కరలేదు. గంజాం పక్కనే ఉన్న కంధమాళ్ కొండల్లో కుయి మాట్లాడేవారు ఇంటిని 'ఇడు' అంటారు. బరంపురం సంతలో ఎదురెదురుగా నిలబడే తెలుగువాడికీ కోందుకూ తెలియదు గాని, 'ఇల్లు', 'ఇడు' ఒక తల్లి పిల్లలు. పైగా, ఒడియాలో లేని మా–మన భేదం కుయిలో ఉంది.

దేవుడి ఇంటిని మనం ఇల్లు అనం, గుడి అంటాం. కాని తమిళ 'కోయిల్' అన్న మాటను విప్పితే 'కో' అంటే ప్రభువు, 'ఇల్' అంటే ఇల్లు. మన 'కోవెల' దానికి చుట్టమే. అందుచేత కోవెలలోనూ ఒక ఇల్లు దాగి ఉంది. 'ఇలవేల్పు'లో ఉన్నదీ ఈ ఇల్లే: ఇంటి వేల్పు. నేల అనే అర్థమున్న 'ఇల' దానికి సంబంధం లేదు, తెలిసినవాళ్ళూ ఒక్కొక్కప్పుడు పొరబడుతుంటారు.

'ఇల్లు' వ్యాకరణంలోనూ కొంచెం పాతకాలపు మనిషే. విభక్తి చేరేటప్పుడు 'ఇల్లులో' కాదు, 'ఇంటిలో', 'ఇంట్లో'. చిన్నయసూరి ఔపవిభక్తికాలన్నవాటిలో ఇదొకటి. కన్ను–కంటి, పన్ను–పంటి, ముల్లు–ముంటి, విల్లు–వింటి ఇదే జట్టు. జట్టులో అందరి గతీ ఒకటి కాలేదు. ఈనాడు ఎవరూ 'ముంటితో గుచ్చుకొంది' అనరు, 'ముల్లు' చాలు. రాముడు కూడా మన పిల్లల నోట 'విల్లుతో'నే కొడుతున్నాడు. 'ఇంటి', 'కంటి' మాత్రం చెక్కుచెదరలేదు. రోజుకు వందసార్లు వాడే మాటకు పాత రూపం అరగదు. అరుదుగా వాడే మాటనే నోరు కొత్త సూత్రానికి లొంగదీస్తుంది. బహువచనంలో కోస్తావారికి 'ఇళ్ళు', తెలంగాణ, రాయలసీమల్లో 'ఇండ్లు'. 'ఇండ్లు' పాత రూపానికి దగ్గర. అయినా పత్రికల భాష 'ఇళ్ళు'నే ప్రమాణం చేసి కూర్చోబెట్టింది. అది పత్రికాఫీసులు ఎక్కడివారి చేతుల్లో ఉన్నాయన్న ప్రశ్న, భాషాశాస్త్రం ప్రశ్న కాదు.

ఇక అర్థాలు. వంటిల్లు, పడకటిల్లు, నట్టిల్లు, పురిటిల్లు అన్న మాటలు గమనించండి. వీటిలో 'ఇల్లు' అంటే గది. ఒక ఇంట్లో ఇన్ని ఇళ్ళు ఎలా ఉన్నాయని ఎవరూ అడగరు. 'గది' ఇప్పుడు 'వంటగది', 'పడకగది' అంటూ చోటు సంపాదించుకొంది గాని, 'పురిటిల్లు' జోలికి రాలేదు. ఒడియాలోనూ సరిగ్గా ఇంతే: 'రోషెయి ఘర' వంటిల్లు, 'శోయిబా ఘర' పడకటిల్లు. ఒక భాష రెండో భాషను చూసి నేర్చుకొందనుకోనక్కరలేదు. ఒకే గది ఇల్లుగా ఉన్న కాలం అందరికీ ఉంది. గదికొక గుడిసె వేసుకొని, వాటి మధ్య వాకిలిని కలుపుకొని ఒక ఇల్లు అనుకొన్న కాలమూ ఉంది. ఉత్తరాంధ్ర తీరంలో నిన్నమొన్నటిదాకా ఎక్కువగా కనిపించిన చుట్టిళ్ళలో గది, ఇల్లు అన్న భేదానికి తావే లేదు.

ఇక్కడిదాకా కలిసి నడిచిన రెండు మాటలూ వీధిలోకి వచ్చేసరికి విడిపోతాయి. ఒడియాలో తపాలా కార్యాలయం 'డాకఘర', సముద్రతీరంలోని దీపస్తంభం 'బతిఘర'. గోపాలపురం రేవుకు వెళ్ళి ఆ పొడుగాటి కట్టడాన్ని చూసి ఒడియావారు ఇల్లు అంటే మనం స్తంభం అంటాం. 'ఘర' అంటే నాలుగు గోడలూ ఒక పనీ ఉన్న ప్రతి కట్టడమూ. 'ఇల్లు' అలా సాగదు. ఉత్తరాలకు ఇల్లు లేదు, పోస్టాఫీసు ఉంది. చదువుకు బడి, సరుకుకు కొట్టు, బాటసారికి సత్రం, పశువుకు పాక, పక్షికి గూడు, పాముకు పుట్ట. మనుషులు కాపురముండడానికి కట్టినదానికే ఇల్లు అన్న పేరు. పొదరిల్లు, బొమ్మరిల్లు ఉన్నాయి కదా అంటారేమో. బొమ్మరిల్లు కాపురానికి నకలు. పొదరింట్లోనూ ఎవరో ఇద్దరు కూర్చొంటారనే కదా కవులు దాన్ని ఇల్లు అన్నది.

ఇంగ్లీషు 'హౌస్' విషయంలోనూ ఇదే జరిగింది. పార్లమెంటులోని రెండు హౌస్‌లూ మనకు సభలయ్యాయి. సినిమాహాలు నిండితే 'హౌస్ ఫుల్' అన్న బోర్డును అలాగే ఉంచుకొన్నాం గాని 'ఇల్లు నిండింది' అనలేదు. అంటే ఎవరింట్లోనో పెళ్ళనుకొంటారు. గెస్ట్ హౌస్ అతిథి గృహమైంది, హోం శాఖ హోం శాఖగానే ఉంది. అవసరమైనచోట 'గృహం' అన్న సంస్కృత శబ్దాన్ని కాపలా పెట్టి, 'ఇల్లు'ను మాత్రం కార్యాలయాల్లోకి పంపలేదు తెలుగువాడు. గృహనిర్మాణ మండలి, గృహ రుణం, గృహప్రవేశం: డబ్బూ, దస్తావేజూ, పురోహితుడూ ఉన్నచోట గృహం. అవి ముగిసి మనుషులు అన్నానికి కూర్చోగానే అది ఇల్లు.

ఒడియాలో 'తుమ ఘర కేఉంఠి?' అని అడిగితే మీ ఇల్లు ఎక్కడ అని మాత్రమే కాదు, మీ సొంత ఊరేది అని కూడా. అద్దెకుండే చోటుకు వాళ్ళకు 'బసా' అన్న వేరే మాట ఉంది, పక్షిగూడూ బసాయే. మనం సొంత ఊరి కోసం 'మీదే ఊరు?' అని అడుగుతాం. తెలుగువాడికి పుట్టుక ఊరితో ముడిపడితే ఒడియావారికి ఘరతో ముడిపడింది. అద్దె ఇల్లయినా తెలుగులో 'మా ఇల్లు'. ఇంటి యజమాని వాకిట్లో నిలబడి ఉన్నా సరే 'మా ఇంటికి రండి' అంటాడు అద్దెకున్నవాడు, ఎవరికీ కోపం రాదు. మన మాటలో కిరాయి కాగితం లేదు, కాపురమే ఉంది.

కాపురం అన్నాం కాబట్టి మనుషుల సంగతి. 'ఇల్లు' అన్నంత సులువుగా మనిషిగా మారిపోయే జడపదార్థం మన భాషలో ఇంకొకటి లేదు. 'మా ఇంట్లో ఊరెళ్ళారు' అంటే ఇంటి లోపలివారెవరో కాదు, భార్యే. సప్తమీ విభక్తి కర్తగా కూర్చొన్న వాక్యం ఇది. 'ఇంటాయన' భర్తా కావచ్చు, అద్దె వసూలుకు వచ్చే ఆసామీ కావచ్చు. శ్రీకాకుళం వైపు మొరటుగానో చనువుగానో 'మా ఇంటిది' అంటారు. కుర్రవాడికి పెళ్ళయితే 'ఓ ఇంటివాడయ్యాడు'. సొంత ఇల్లు లేకపోయినా ఇంటివాడే. నాలుగంతస్తుల మేడ ఉన్నా పెళ్ళి కాకపోతే ఇంటివాడు కాడు. సంసారానికి సరిపడా రాబడి ఉంటే ఇల్లు గడుస్తుంది, లేకపోతే గడవదు. గోడలు ఎక్కడికీ వెళ్ళవు.

'ఇల్లాలు' అన్న మాటలో ఇల్లూ ఉంది, ఆలూ ఉంది. దీనికి సరైన పుంలింగం వాడుకలో లేదు. ఒడియాలో 'ఘరణీ', సంస్కృతంలో 'గృహిణి' ఇదే తీరు. మూడు భాషలూ ఒక్క మాట మీద నిలబడి ఇల్లంటే ఇల్లాలే అంటున్నాయి. ఇది గౌరవమా, బరువా అన్నది వేరే చర్చ. పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే' కథలో ఇల్లాలు ఇంటిపనిలో పడి తన పేరే మరిచిపోతుంది. మాట లోపల ఉన్న బరువును అంత తేటగా చూపిన వ్యాకరణ గ్రంథం మాకు తెలియదు. ఇంకో సంగతి. ఇంటికే మారుపేరైన ఆ మనిషి నెలకు మూడు రోజులు 'ఇంట్లో లేదు, బయట ఉంది' అన్న మాటను మా చిన్నతనంలో ప్రతి ఇంటా విన్నాం.

కూలడమూ కాలడమూ మునగడమూ వచ్చినప్పుడు తెలుగు 'ఇల్లు'ను పక్కకు తప్పించి 'కొంప'ను ముందుకు తోస్తుంది. 'కొంప మునిగింది', 'కొంపలంటుకున్నాయి', 'నా కొంప తీశావు'. ఇవన్నీ మనుషుల ఆపదలు. 'ఇల్లు మునిగింది' అంటే మాత్రం నిజంగా నీళ్ళు రావాలి. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ తుపాను గోపాలపురం దగ్గర తీరం దాటాక ఇక్కడివాళ్ళు ఇళ్ళు ఎగిరిపోయాయి, ఇళ్ళు కూలాయి అనే చెప్పుకొన్నారు. ఆ ఇళ్ళలో కొంపలు కూలనివి ఎన్ని, కూలినవి ఎన్ని అన్నది వేరే లెక్క. భాష ఆ రెండు లెక్కలనూ కలపనివ్వదు.

లెక్క అన్న మాట వచ్చింది గనుక చెబుతాం. భారత జనగణనలో కట్టడం వేరు, 'సెన్సస్ హౌస్' వేరు, కుటుంబం వేరు. ప్రత్యేకమైన ప్రధాన ద్వారం ఉంటే అది ఒక సెన్సస్ హౌస్. ఒక్క వంటశాల నుంచి మామూలుగా కలిసి భోంచేసేవాళ్ళు ఒక కుటుంబం. ఈ నిర్వచనాలు పుస్తకంలో చదివినప్పుడు మాకు కొత్తగా తోచలేదు. ఊళ్ళో ఎన్ని ఇళ్ళు అనడానికి మన పల్లెల్లో 'ఎన్ని గడపలు' అంటారు. అది ద్వారం లెక్క. అన్నదమ్ములు విడిపోతే 'పొయ్యి వేరు పెట్టుకొన్నారు' అంటారు. అది వంటశాల లెక్క. ఒకే కప్పు కింద రెండు పొయ్యిలు వెలిగితే తెలుగువాడికి రెండు కాపురాలు, జనగణనకు రెండు కుటుంబాలు.

ఇల్లు అన్న మాటకున్న కొమ్మల్లో మమ్మల్ని ఎక్కువసేపు కూర్చోబెట్టినవి 'పుట్టినిల్లు', 'మెట్టినిల్లు'. రెండిట్లోనూ భూతకాలపు క్రియాజన్య విశేషణం ఉంది: పుట్టిన ఇల్లు, మెట్టిన ఇల్లు. ఒకచోట పుట్టింది, ఒకచోట అడుగు పెట్టింది. రెండూ ఎప్పుడో జరిగిపోయిన పనులు. ఇప్పుడు ఉంటున్న ఇల్లు అన్న అర్థం రెండిట్లో దేనిలోనూ లేదు. ఇంకా గమనించవలసింది, ఈ జంట ఆడవాళ్ళకే. మగవాడికి విశేషణం అక్కరలేని 'ఇల్లు' ఒకటి ఉంటుంది, అత్తవారిల్లు చుట్టపుచూపుకు. మగవాడు పెళ్ళి చేసుకొని మామగారింట్లో ఉండిపోతే దానికి 'ఇల్లరికం' అని ప్రత్యేకంగా పేరు పెట్టవలసి వచ్చింది. ఒడియాలో వాడే 'ఘరజోయిఁ'. ఈ పద్ధతికే మరో పేరైన 'ఇల్లటం' మద్రాసు రాష్ట్రపు న్యాయస్థానాల దాకా వెళ్ళి, ఇంగ్లీషు తీర్పుల్లో తెలుగు మాటగానే నిలిచిపోయింది. ఆడపిల్ల వెళ్ళి ఉండడానికి మాత్రం ఏ భాషలోనూ ప్రత్యేకమైన పేరు లేదు. అది పెళ్ళి, అంతే.

బరంపురంలో ఈ రెండిళ్ళ సంగతి దేవతకూ తప్పలేదు. రెండేళ్ళకొకసారి చైత్రమాసంలో బుఢీ ఠాకురాణీ అమ్మవారు తన గుడి విడిచి దేశీబెహెరా వీధికి వస్తుంది. అది అమ్మవారి 'బాప ఘర', అంటే పుట్టినిల్లు. దేశీబెహెరా అంటే పట్టు నేసే దేరా కులస్థుల పెద్ద. ఈ నేతగాళ్ళ పూర్వులు తెలుగు నేల నుంచి వచ్చినవారని చెప్పుకొంటారు. ఆ దంపతులు గుడికి వెళ్ళి ఆడపడుచును పిలిచినట్టు పిలుస్తారు. ఆ వీధిలో పందిట్లో తాత్కాలికంగా వెలిసిన గుడిలో అమ్మవారు ఉంటుంది, సాయంత్రాలు ఘటాలు వీధి వీధి తిరుగుతాయి. పూరీ జగన్నాథుడు రథమెక్కి వెళ్ళేది పినతల్లి ఇంటికని జనం అంటారు, అక్కడా ఘరే. యాత్ర ముగిశాక అమ్మవారు మళ్ళీ గుడికి వెళ్ళాలి. సాగనంపే వేళ వీధిలో ఆడవాళ్ళ కళ్ళు చెమ్మగిల్లుతాయి. ఏడాది పొడుగునా ఉండే గుడి కాదట ఆమె ఇల్లు. రెండేళ్ళకోసారి వచ్చి, ఉండనివ్వని చోటు ఆమె ఇల్లట. ఈ నమ్మకాన్ని కట్టినవారెవరో గాని, ఆడపిల్లల మనసు తెలిసినవారు.

నమ్మకం ఇలా ఉంటే చట్టం ఎలా ఉండేదో చూడాలి. 1956 నాటి హిందూ వారసత్వ చట్టంలో 23వ సెక్షను అచ్చంగా ఇంటి గురించే. వీలునామా లేకుండా పోయిన మనిషికి ఆడ, మగ వారసులు ఇద్దరూ ఉండి, కుటుంబం కాపురముంటున్న ఇల్లు ఆస్తిలో ఉంటే, మగవారసులు పంచుకోవాలనుకొనేదాకా ఆడవారసులు ఆ ఇంటిని పంచమని అడగరాదు. ఉండే హక్కు మాత్రం ఉంది. అదీ కూతురైతే పెళ్ళి కానిదో, భర్త వదిలేసినదో, భర్తతో వేరుపడినదో, వితంతువో అయితేనే. అంటే కాపురం సవ్యంగా చేసుకొంటున్న కూతురికి పుట్టినిల్లు పాటల్లోనే. ఆంధ్రప్రదేశ్ 1986లో చేసిన సవరణతో, 1985 సెప్టెంబరు 5 నాటికి పెళ్ళి కాని కూతుళ్ళకు ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కొడుకుతో సమానమైన హక్కు వచ్చింది. ఒడిశాలో అటువంటి సవరణ జరగలేదు. ఇచ్ఛాపురానికీ బరంపురానికీ సుమారు పాతిక కిలోమీటర్లు. ఒకే ఇంటిపేరు, ఒకే మాండలికం, ఒకే రకం పెళ్ళిపాటలు; సరిహద్దుకు అటు పుట్టిన తెలుగు కూతురికి ఒక పుట్టినిల్లు, ఇటు పుట్టిన తెలుగు కూతురికి ఇంకొక పుట్టినిల్లు. ఇరవై ఏళ్ళు ఇలాగే నడిచింది. 2005లో కేంద్రం చేసిన సవరణ ఆ సంవత్సరం సెప్టెంబరు 9 నుంచి దేశమంతటా కూతుళ్ళకు సమాన హక్కు ఇచ్చి, 23వ సెక్షనును తీసివేసింది. ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందనీ, తండ్రి ఆ తేదీన బతికి ఉండనక్కరలేదనీ సుప్రీంకోర్టు 2020లో తేల్చింది.

మెట్టినింటి మాట కూడా ఆ ఏడే వచ్చింది. 2005 నాటి గృహహింస నిరోధక చట్టం, 2006 అక్టోబరులో అమలులోకి వచ్చింది, భర్తతో కలిసి కాపురమున్న ఇంట్లో భార్యకు పట్టా తన పేర ఉన్నా లేకపోయినా ఉండే హక్కు ఉందంది. ఆ ఇల్లు అత్తమామల పేర ఉన్నా ఆ నిర్వచనంలోకి రావచ్చునని 2020లోనే సుప్రీంకోర్టు చెప్పింది. ఈ చట్టాల తెలుగు అనువాదాల్లో అన్నిచోట్లా 'గృహం', 'నివాసం' కనిపిస్తాయి. అనువాదకులను తప్పుపట్టడం లేదు. కాని కోర్టు మెట్లెక్కే ఆడమనిషి 'గృహం' కోసం రాదు, 'మా ఇల్లు' అనే వస్తుంది. ఆ 'మా'లో ఎవరున్నారో ఎవరు లేరో అన్నదే చాలాసార్లు అసలు వ్యాజ్యం.

కాబట్టి మళ్ళీ ఆ సర్వనామం దగ్గరికే. తెలుగులో 'నా ఇల్లు' అని మామూలుగా అనం. అంటే రిజిస్ట్రారు ఎదుట అనాలి, లేదా తగువులో అనాలి. ఒంటరిగా ఉండేవాడు కూడా 'మా ఇల్లు' అనే అంటాడు. దీన్నిబట్టి 'మా' అంటే చాలామంది యజమానులని అర్థం చెబితే 'మా ఆవిడ' దగ్గర చిక్కుల్లో పడతాం. ఇక్కడ 'మా' సంఖ్యను చెప్పదు, నేను ఎవరివైపు వాణ్ణో చెబుతుంది. భార్యాభర్తల మధ్య 'మన ఇల్లు', బయటివాడితో 'మా ఇల్లు'. స్నేహితుడు 'మన ఇల్లే అనుకోండి' అంటే గోడ తీసివేసినట్టు. తగువులో తమ్ముడు అన్నతో 'మా ఇంటికి రాకు' అంటే గోడ లేపినట్టు. పెళ్ళయిన కూతురికి తల్లి ఫోనులో 'మన ఇంటికి ఎప్పుడొస్తావే?' అంటూ ఉంటుంది. ఎన్నో ఏళ్ళకు, తండ్రి పోయి అన్నావదినల చేతికి ఇల్లు వచ్చాక, ఒకనాడు వదిన 'మా ఇంటికి ఒకసారి రండి' అంటుంది. మర్యాదైన వాక్యమే, పిలుపే. ఆ మాటతో పుట్టినిల్లు పోయిందని ఏడ్చినవారిని మేమెరుగుదుం.

కన్నడిగులు ఈ భేదాన్ని వదులుకొన్నారు. మరాఠీలో, గుజరాతీలో ద్రావిడ భాషల పొత్తుతో వచ్చిందని పండితుల అభిప్రాయం. ఇంగ్లీషు చదువులవల్ల మన పిల్లల నోటా 'మన' నెమ్మదిగా తగ్గుతోందేమోనని మాకు అనుమానం. 'మా నాన్న' అని అన్నదమ్ములు ఒకరితో ఒకరు అనుకోవడం ఈ మధ్య రెండు మూడుసార్లు విన్నాం. తమ్ముడితో మాట్లాడుతూ 'మా నాన్న' అంటే, ఆ తమ్ముడికి వేరే నాన్న ఉండాలి.

ఈ ఏడు సంక్రాంతికి హల్దియాపదర్‌లోని ఆ ఇంటికి మళ్ళీ వెళ్ళాం. కోడలు ఇప్పుడు 'మా', 'మన' రెంటినీ తడుముకోకుండా వాడుతోంది. మమ్మల్ని చూసి, "మాస్టారూ, మన ఇంట్లో భోజనం చేసి గాని కదలకూడదు" అంది. అత్తగారు వింటూనే ఉన్నారు. ఇంతలో నాలుగేళ్ళ మనవరాలు పరుగెత్తుకొచ్చి, పెరటివైపు చూపిస్తూ నానమ్మతో, "మన ఇల్లులో పిల్లి ఉంది" అంది.

"ఇల్లులో కాదమ్మా, ఇంట్లో. మన ఇంట్లో అనాలి" అన్నారు నానమ్మ.

"మన ఇంట్లో పిల్లి ఉంది" అని దిద్దుకొని ఆ పిల్ల మళ్ళీ పెరట్లోకి పరుగెత్తింది.